పెద్దరసం, మీగడ, పదిహేను ఎమ్మెల్ ఇప్పసారా

గ్లాసు అంచుకి వేలితో తేనె రాసి, కొబ్బరి పొడి పరిచిన పళ్ళెంలో బోర్లించి గుండ్రంగా తిప్పడం నాకు నేర్పిన మనిషి కిందటి నెల చనిపోయింది. కబురు మా ఏఎన్‌ఎంల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని కింద వరసగా దండాలు, కొవ్వొత్తులు, రెండు బైబిలు వాక్యాలు. ఎవరు పెట్టారో గాని ఫొటో మాత్రం ఆమెది కానట్టే ఉంది. తెల్లకోటు, బిగించిన పెదాలు, గోడకేసి చూస్తున్న కళ్ళు. ఆ నోరు మూసుకుని ఉండగా నేను చూసింది ఒక్క ప్రార్థన వేళలోనే. అప్పుడు కూడా పాస్టరుగారి కంటే ముందే ఆమెన్ అనేసేది.

ఆ ఫొటో చూస్తే నాకు ఏడుపు రాలేదు. మగ్గిన మామిడిపండు వాసన వచ్చింది. నిజంగానే వచ్చింది, లేచి వంటింట్లోకి వెళ్ళి చూసుకున్నాను.

ఆమె పేరు రాయను. రాసినా అక్కడ ఎవరూ గుర్తుపట్టరు. భద్రాచలం అడవి అంచున మా సబ్‌సెంటరు కింద ఉన్న ఊళ్ళన్నిటికీ ఆమె నర్సమ్మ, అంతే. సొంతూరు వేంసూరు దగ్గర. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అడవికి వచ్చి, రెండేళ్ళు చేసి బదిలీ పెట్టుకుందామనుకుని, నలభై ఏళ్ళు ఉండిపోయింది. కోయ భాష నేర్చుకుంది. కోయ భాషలో తిట్టడం ఇంకా బాగా నేర్చుకుంది.

సంతోషం ఆమెకు చేతుల్లోకి వచ్చేది. బుర్రలో ఏదైనా తట్టిందంటే ఎదుటివాళ్ళ మణికట్టు గబుక్కున పట్టుకునేది. పట్టుకున్నాక అలవాటు ఊరుకోదు కదా, మాట్లాడుతూనే నాడి లెక్కపెట్టేది. తన ఆలోచనంతా ఊపిరాడకుండా చెప్పి, చివర్లో "నీకు తొంభై రెండున్నది. పొద్దున ఏం తినలే గదా నువ్వు" అనేది. తిని ఉండేదాన్ని కాదు మరి. ఇంటికి ఎవరొచ్చినా కూర్చోమనే ముందు చెయ్యి కడుక్కోమనేది. ప్రార్థన చెయ్యడానికి వచ్చిన పాస్టరుగారితో కూడా అదే మాట. ఆయన పాపం గుమ్మంలోనే సబ్బు అడిగేవారు.

నేను మధిర నుంచి వచ్చి అక్కడ రెండో ఏఎన్‌ఎంగా చేరిన రెండో వేసవిలో మొదలైంది ఆ పిచ్చి. మధ్యాహ్నం పిల్లల టీకాలు అయిపోయాయి. నేను రిజిస్టరు రాస్తున్నాను. ఆమె స్టూలు మీద కూర్చుని ఫోను చూస్తోంది.

"పిల్లా, జల్దీ రా."

"ఏంటక్కా?"

"ఏంటి కాదు, ఏంది. ముందు ఇటు చూడు."

ఫోనులో ఎవరో ఆడమనిషి తన వంటింట్లో నిలబడి పొడవాటి గాజు గ్లాసులో మామిడి గుజ్జు పోస్తోంది. అందులో ఒక సీసాలోంచి కొంచెం మందు. దాని మీద తెల్లటి క్రీము. ఆ పైన ఎర్రటి రసమేదో చుక్కలుగా వదిలితే అది మెల్లమెల్లగా కిందికి దిగుతోంది. డెజర్ట్ కాక్‌టెయిల్ అట. భోజనం అయ్యాక మిఠాయికి బదులు ఇస్తారట.

"పాయసంలో సారా పోసినట్టే గదా," అంది నర్సమ్మ. నా మణికట్టు అప్పటికే ఆమె చేతిలో ఉంది. "ఆ గ్లాసును చూడవే. పెండ్లికూతురు లెక్క ఎట్ల నిలబడ్డదో చూడు."

నేను నోరు వెళ్ళబెట్టాను. తాగి దవాఖానాకి వచ్చినవాళ్ళకు ఆమె పెట్టే చీవాట్లు రోడ్డు అవతలికి వినపడతాయి. చర్చిలో ముందు వరసలో నిలబడి పాట ఎత్తుకునే మనిషి. మందు సంగతి అటుంచి, ఆమె ఇంట్లో పులిసిన మజ్జిగకు కూడా చోటు లేదు.

"నువ్వు చేస్తావా అక్కా ఇది?"

"చేస్త. తాగ."

ఆ రెండు మాటలూ ఎంత తేలిగ్గా అందంటే, వాటిలో ఏమైనా తిరకాసు ఉందని నాకు అప్పుడు తోచలేదు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి చీర కూడా మార్చకుండా మొదలుపెట్టింది. పెనుబల్లి దగ్గర ఆమె తమ్ముడి తోట నుంచి పెద్దరసం మామిడిపళ్ళు వచ్చాయి. బర్రెపాల మీగడ మూడు రోజులుగా పోగుచేసింది. ఇప్పసారా మా ఆశా వర్కరు తెచ్చింది, మంచినీళ్ళ సీసాలో. ఆ అమ్మాయిది లోపలి కోయ ఊరు. వాళ్ళిళ్ళల్లో పండుగకీ చావుకీ ఇప్పపువ్వు కాచుకోవడం మామూలే. సీసా అందిస్తూ పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"నర్సమ్మకు సారా అంటే మా ఊళ్ళె ఎవ్వలు నమ్మలే. మోకాళ్ళకు రాసుకోనీకి అని చెప్పి తెచ్చిన."

నర్సమ్మ కొంచెం దూది మీద పోసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "మన స్పిరిటే పిల్లా. పువ్వు వాసన ఒక్కటే ఎక్కువ."

మొదటి గ్లాసు ఘోరం. రుచి కోసమని నిమ్మకాయ పిండింది. మీగడ పోసింది. మేం చూస్తుండగానే అది విరిగి, తెల్లటి ముక్కలు పచ్చటి గుజ్జులో తేలాయి. ముగ్గురం గ్లాసు చుట్టూ తలలు వంచి చూశాం.

"పసిపిల్ల కక్కినట్టున్నది," అంది నర్సమ్మ. రోగం ఏమిటో చెప్పే గొంతుతో చెప్పింది. ఏమాత్రం నీరుగారలేదు సరికదా, ముఖం ఇంకా వెలిగింది. పాత రిజిస్టరు ఒకటి తీసి చివరి తెల్ల పేజీలో రాసుకుంది: "మొదటిది. నిమ్మకాయ తప్పు."

ఆ తర్వాత అదొక శాస్త్రమైపోయింది. కొలతకు కొత్త సిరంజి, ఇరవై ఎమ్మెల్‌ది, సూది తీసేసి. "పదిహేను. పదహారు కాదు" అంటూ కంటికి ఎదురుగా ఎత్తిపట్టి గాలిబుడగ పోయేదాకా గోటితో కొట్టేది. చల్లదనానికి పిడి విరిగి స్టాకు లెక్కలోంచి తీసేసిన పాత వ్యాక్సిన్ డబ్బా. దాన్ని కడిగి, ఇంటి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన ఐసు పెట్టి, మామిడి గుజ్జు, మీగడ, గ్లాసులు అన్నీ అందులో సర్దేది. "వేడి తగిలితే మీగడ జారిపోతది. పోలియో చుక్కలు ఎట్ల కాపాడుతమో గట్లనే కాపాడాలె." సారా ముందు గుజ్జులో కలిపి పది నిమిషాలు ఉంచాలి. మీగడ గరిటె వీపు మీదుగా వదలాలి, హడావుడి పడితే రెండూ కలిసి కషాయం అవుతుంది. అన్నిటికంటే చివర దానిమ్మ రసం, సిరంజితో, గ్లాసు గోడ వెంట, చుక్కచుక్కగా. ఆ ఎరుపు తెలుపులోంచి కిందికి జారుతుంటే ఆమె కాన్పుగదిలో నిలబడ్డట్టే అనేది. "దిగుతున్నది... దిగుతున్నది... అగో."

నేను ఆ వేసవిలో ఎంత ఆనందంగా ఉన్నానో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. ఎండ నలభై అయిదు. కరెంటు ఉండదు. రోజూ బండి మీద అడవి దారుల్లో తిరిగి ఒళ్ళంతా దుమ్ము. అయినా ఆదివారం వస్తోందంటే నాకు లోపల తబలా మోగేది.

రుచి చూసే పని నాది. "మీ కథోలికులకు అలవాటే గదా, క్రిస్మస్‌కు ద్రాక్షరసం చేస్తరు. నువ్వు తాగు" అని గ్లాసు నా చేతిలో పెట్టేది. తాను తాగేది కాదు. నాలుక మీద ఒక్క చుక్క కూడా వేసుకునేది కాదు. మామిడి గుజ్జును సారా కలపక ముందు రుచి చూసేది, కలిపాక నా ముఖాన్ని చూసేది. టీకా వేసిన పిల్లలను కూర్చోబెట్టినట్టు అరగంట కదలనిచ్చేది కాదు. చేతి గడియారం చూసుకుంటూ ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేసేది.

"మంట ఉన్నదా?"

"గొంతులో కొంచెం ఉందక్కా. బాగుంది."

"బాగున్నది తర్వాత. తల తిరుగుతున్నదా? చేతుల మీద దద్దుర్లు?"

నేను పకపకా నవ్వేదాన్ని. ఆమె వంచిన తల ఎత్తకుండా రిజిస్టర్లో రాసుకునేది: "నాలుగోది. పది నిమిషాలకు నవ్వింది. పదిహేను నిమిషాలకు కారణం లేకుండా నవ్వింది. సారా రెండు తగ్గించాలె."

ఆ రుచి చెప్పాలంటే, ముందు మామిడిపండు నోరంతా నిండుతుంది. తర్వాత మీగడ చల్లగా పరుచుకుంటుంది. రెండూ గొంతు దిగిపోయి, ఇక అయిపోయింది అనుకున్నాక ఇప్పపువ్వు వాసన ముక్కులోంచి పైకి లేస్తుంది. మార్చి నెల తెల్లారుజామున ఇప్పచెట్ల కింద పూలు ఏరేవాళ్ళ పక్కన నడిస్తే వచ్చే వాసన అది. నాకు తెలిసి ఆ వాసనను ఇష్టపడని బయటివాళ్ళే ఎక్కువ. మామిడి పక్కన చేరేసరికి అది ఇంటి మనిషైపోయింది.

వచ్చిన ఆడవాళ్ళకి ఎవరికైనా గ్లాసు ఇచ్చేటప్పుడు ముందే చెప్పేది, ఇందులో సారా ఉంది, ఇంత ఉంది అని. తియ్యగా ఉంది కదా అని పాలనుకుని తాగించడం ఆమెకు గిట్టదు. "నొప్పి లేని సూది, మత్తు లేని సారా రెండూ అబద్ధమే పిల్లా. చెప్పి వెయ్యాలె, చెప్పి పొయ్యాలె." సూది వేసేటప్పుడు పిల్లలకు కూడా నొప్పి ఉండదని చెప్పేది కాదు. "నొస్తది, ఒకటి రెండు మూడు అనేదాక" అని చెప్పి రెండు దగ్గరే వేసేసేది. ఆ ఒక్క మోసం ఉండేది ఆమెలో.

వానాకాలం పోయింది. సీతాఫలాలు వచ్చాయి. వాటితో ఒకసారి చేసి, ఇద్దరం గింజలు తీసేసరికే సాయంత్రమై విసుగొచ్చి, ఆ గుజ్జును ఒట్టిదే తినేశాం. మళ్ళీ ఎండలు ముదిరి మామిడి పిందెలు కనపడేసరికి ఆమె మొదలు. ఈసారి ఖమ్మం వెళ్ళి ఆరు గాజు గ్లాసులు కొనుక్కొచ్చింది, పాత చీరలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని. అప్పుడు అడిగాను నేను.

"నువ్వు తాగవు. తాగేవాళ్ళంటే నీకు పడదు. ఎవరి కోసం అక్కా ఇదంతా?"

ఆమె గ్లాసు తుడుస్తూ ఆగిపోయింది. "అవ్వ కోసం" అంది.

అవ్వ అంటే మాకందరికీ తెలుసు. ఇంకో లోపలి ఊరి కోయ ముసలమ్మ, మంత్రసాని. నర్సమ్మ రాకముందు నుంచి ఆ అడవిలో కాన్పులన్నీ ఆమె చేతుల మీదే. నర్సమ్మతో పాటు నలభై ఏళ్ళు నడిచింది. ఆంబులెన్సు రాని చోటికి ఇద్దరూ కలిసి వాగులు దాటి వెళ్ళేవారు. ఇద్దరూ పోట్లాడుకునేవారు, ఇద్దరూ ఒకే తమలపాకుల సంచి మోసేవారు. అయితే ఒక్కటి నేను కూడా గమనించాను. అవ్వ మా సబ్‌సెంటరుకు ఎన్నిసార్లు వచ్చినా నర్సమ్మ ఇంట్లో చాయ తాగదు. మంచినీళ్ళు కూడా తాగదు. "వద్దులే నర్సమ్మా, కడుపు నిండుగున్నది" అంటుంది. ముసలిదాని పట్టింపు అనుకునేదాన్ని.

"నేను వచ్చిన మొదటి నెల," అంది నర్సమ్మ. "ఎదురుకాళ్ళ బిడ్డ. నాకు చేతులు వణుకుతున్నయి. పుస్తకంల చదివిందేది యాదికి రాలే. అవ్వ నా చేతుల మీద తన చేతులు పెట్టి నడిపించింది. బిడ్డ బతికింది, తల్లి బతికింది. బయటికి రాంగనే ఆ ఇంటోళ్ళు ఆకు దొప్పల సారా తెచ్చిన్రు. కాన్పు చేసినోళ్ళకు ఇచ్చుడు వాళ్ళ పద్ధతి. అవ్వ రెండు చుక్కలు పోయిన పెద్దల పేరు మీద నేల మీద వదిలింది, ఒక గుక్క తాగింది, తన చేతితోని నాకిచ్చింది."

"నువ్వేం చేశావు?"

"బోర్లించిన. మొత్తం నేల మీద పోసిన. ఇది పాపం అని చెప్పిన. ఇరవై రెండేండ్లు నాకు. ట్రైనింగు నుంచి అప్పుడే వచ్చిన."

అవ్వ ఆరోజు తడిసిన మట్టి వైపు చూసి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయిందట. తర్వాత ఎప్పుడో నర్సమ్మ బతిమాలి చాయ ఇస్తే ఒకే ఒక్క మాట అంది: "నా చేతిది నువ్వు తాగలే. నీ చేతిది నేనెట్ల తాగుత?"

"తప్పయిందని చెప్పలేదా అక్కా?"

"ఎన్నిమార్లు చెప్పిన్నో. పోనీలే అంటది. నవ్వుతది. చాయ మటుకు తాగదు." గ్లాసు కింద పెట్టింది. "నేను సారా తాగలేను పిల్లా, దేవునికి మాటిచ్చిన. ఆమె నా చాయ ముట్టదు. ఆ వీడియో చూసినప్పుడు నాకు తట్టింది. ఆమె సారా, నా తమ్ముని మామిడి, రెండు ఒక్క గ్లాసుల ఉంటే ఎట్ల వద్దంటది? ఏప్రిల్ ఆఖరుకు రిటైరైత. పెనుబల్లి పోత. ఆ లోపల ఆమె నా చేతిది తాగాలె. నాకు శాలువాలు వద్దు, అదొక్కటి కావాలె."

అప్పటిదాకా ఆ సిరంజిలూ ఆ రిజిస్టరూ చూసి నవ్వుకున్నదాన్ని, ఆ తర్వాత నవ్వలేకపోయాను.

ఏప్రిల్ చివరి రోజు వచ్చింది. పొద్దున పెద్ద దవాఖానాలో సభ పెట్టి శాలువా, దండ, గోడ గడియారం ఇచ్చారు. ఆమె అక్కడ కుదురుగా కూర్చోలేదు. మీటింగులో నా చెయ్యి పట్టుకుని "ఐసు కరుగుతున్నదేమోనే" అంటూనే ఉంది. నా నాడి నూట నాలుగట. ఆమెది ఎంతో నేను చూడలేదు.

మధ్యాహ్నం ఆమె కిరాయి ఇంటి వరండాలో ఆడవాళ్ళం మాత్రమే చేరాం. ఆశా వర్కరు, మా సెంటరు ఆయమ్మ, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మరో ఇద్దరు, నేను. చాప మీద మధ్యలో అవ్వ. ఎండలో నడిచి వచ్చింది. పక్కన చేతికర్ర, భుజానికి గుడ్డసంచి.

నర్సమ్మ లోపలి నుంచి మొదటి గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. అలాంటి గ్లాసు ఆ రెండు వేసవుల్లో ఒక్కటీ కుదరలేదు. కింద మేలిమి పసుపు, మీద తెల్లటి మీగడ గీత గీసినట్టు నిలబడింది, మధ్యలో ఎర్రటి దారం ఒకటి వంపు తిరిగి ఆగింది. అంచు చుట్టూ కొబ్బరి. ఆయమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. ఆశా వర్కరు ఫోను తీసింది. నర్సమ్మ మోకాళ్ళ మీద కూర్చుని గ్లాసు అవ్వ చేతికి ఇచ్చింది.

అవ్వ తీసుకుంది. అక్కడికే నా గుండె గంతేసింది. గ్లాసును తిప్పి చూసింది. వాసన చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత జాగ్రత్తగా నేల మీద పెట్టేసింది.

"మామిడిది గదా."

"అవ్ అవ్వా. పెద్దరసం. మా తమ్ముని తోటది."

"మేమింక పండుగ చెయ్యలే, నర్సమ్మా."

ఊరంతా కలిసి పండుగ చేసి, కొత్త మామిడిని వేల్పుకూ పెద్దలకూ పెట్టేదాకా ఆ ఊరివాళ్ళు మామిడి ముట్టరు. ఇది నాకంటే నర్సమ్మకు బాగా తెలుసు. ఆ పండుగ తేదీ తప్పించే నలభై ఏళ్ళూ టీకాల క్యాంపులు పెట్టుకుంది. ఏటా ఈపాటికి అన్ని ఊళ్ళలోనూ అయిపోతుంది. ఈసారి అవ్వ వాళ్ళ పూజారి ఇంట్లో చావు జరిగి పండుగ వెనక్కి జరిగింది. పింఛను కాగితాల కోసం నెలంతా ఖమ్మం చుట్టూ తిరిగిన నర్సమ్మ చెవిన అది పడలేదు. ఆశా వర్కరు నెత్తి కొట్టుకుంది. "మా ఊళ్ళె అయిపోయింది. వాళ్ళది కాలేదని నాకు యాదికే రాలే అక్కా."

నర్సమ్మ ముఖం చూడలేక నేను గోడ వైపు చూశాను. రెండు వేసవుల కష్టం ఆ నేల మీద కరుగుతోంది. ఈ సాయంత్రం దాటితే ఆమె సామాను బండెక్కుతుంది. అవ్వకు ఎనభై దాటాయి. మళ్ళీ ఎప్పుడు, ఎక్కడ?

నా మణికట్టు మీద చెయ్యి పడింది.

"కర్బూజకు పండుగ ఉన్నదా అవ్వా?"

అవ్వ ఒక్క క్షణం ఆలోచించింది. "కర్బూజకు ఏం పండుగ."

"పిల్లా, ఉరుకు."

ఉరికాను. చెప్పులు కూడా వేసుకోలేదు. రోడ్డు అవతల గోదావరి ఇసుకలో పండిన కర్బూజలు అమ్మే ఆమె ఉంది. రెండు పట్టుకుని, ఆ ఎండలో కాళ్ళు కాలుతుంటే ఎగురుకుంటూ వచ్చాను. నర్సమ్మ అప్పటికే గ్లాసు కడిగి అంచుకి తేనె రాస్తోంది. కోసింది, గింజలు తీసింది, గుజ్జు చేసింది, యాలకుల పొడి వేసింది. మీగడ మిగిలే ఉంది. సారా సీసా అందుకుంది. ఖాళీ. ఉన్నదంతా పొద్దున్నే మామిడి గుజ్జులో కలిపేసింది. సీసాను సిరంజి మీద బోర్లిస్తే మూడు చుక్కలు రాలాయి.

సీసా అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడు చాప మీద నుంచి గుడ్డసంచి చప్పుడైంది. అవ్వ ఒక చిన్న సీసా తీసి ముందు పెట్టుకుంది.

"నీకియ్యాలని తేలే," అంది. "నువ్వు తాగవని నాకెరికె. నువ్వు ఊరిడిసి పోతున్నవు గదా. నీ గడపల మా పెద్దలకు రెండు చుక్కలు పోసి, నిన్ను సల్లంగ చూడుమని చెప్పి పోదామని తెచ్చిన."

నర్సమ్మ ఆమె ఎదుట కూర్చుంది. ఎప్పుడూ రోడ్డు అవతలికి వినపడే గొంతు పక్కనున్న నాకే సరిగా వినపడలేదు. "అవ్వా, నీ సారా కొంచెం ఇస్తవా? ఇందుల కలుపుత."

"కలుపుడు తర్వాత. ఇది ఎట్లుంటదో ఎరికేనా నీకు?"

"వాసన ఎరికె."

"చెయ్యి పెట్టి చూడకుండ కాన్పు చేస్తవా నువ్వు? తాగకుండ ఎట్ల కలుపుతవ్?"

పకోడీలు పెట్టడానికి తెచ్చిన మోదుగాకుల్లోంచి ఒకటి తీసుకుంది అవ్వ. మడిచి, చీపురు పుల్ల గుచ్చి దొప్ప చేసింది. సారా పోసింది. రెండు చుక్కలు గడప పక్కన వదిలింది. ఒక గుక్క తాగింది. దొప్ప నర్సమ్మ వైపు చాపింది.

నర్సమ్మ నా వైపు చూసింది. ఏం చెప్పమని చూసిందో నాకు ఇప్పటికీ తెలియదు. తాగమని చెప్పే ధైర్యం నాకు లేదు, వద్దని చెప్పే మనసు లేదు.

"ప్రభువుతోని నేను మాట్లాడుకుంట," అంది.

రెండు చేతులతో దొప్ప అందుకుంది. ఎట్లా తాగాలో తెలియదు కదా, మాత్ర వేసుకున్నట్టు తల వెనక్కి వేసి మొత్తం ఒక్కసారే పోసుకుంది. మరుక్షణం కళ్ళు వెలికి వచ్చాయి. దగ్గు. మళ్ళీ దగ్గు. అవ్వ లేచి, ఏడవని పసిబిడ్డను తట్టినట్టు వీపు మీద చరిచింది. నేను నర్సమ్మ నాడి పట్టుకున్నాను గాని లెక్క రెండుసార్లు తప్పిపోయింది.

దగ్గు ఆగాక కళ్ళు తుడుచుకుని, "ఏలకులు తక్కువ పడ్డయి" అంది నర్సమ్మ. మళ్ళీ లేచి గ్లాసు ముందు నిలబడింది. ఇంత యాలకుల పొడి వేసింది. అవ్వ సీసాలోంచి సారా పోసింది. పదిహేను అనుకున్నది ఇరవై అయ్యిందని నేను చూశాను, ఆమె చూసుకోలేదు. మీగడ గీత వంకరగా వచ్చింది. దానిమ్మ రసం ఒక పక్కకే పోయింది. ఆ రెండు వేసవుల్లో చేసిన వాటిలో చూపుకు అంత వికారమైన గ్లాసు మొదటి విరిగిన గ్లాసు తప్ప మరొకటి లేదు. దాన్నే రెండు చేతులతో పట్టుకుని వచ్చి ఇచ్చింది.

అవ్వ అందులోంచి కూడా రెండు చుక్కలు నేల మీద వదిలింది. ఒక గుక్క తాగి ఆగింది. తర్వాత ఆగలేదు. గ్లాసు అడుగు ఆకాశం చూసేదాకా ఎత్తి తాగింది. పై పెదవి మీద మీగడ, బుగ్గ మీద కొబ్బరి పొడి.

"ఎట్లున్నదవ్వా?"

"తీపి ఎక్కువైంది."

అవ్వ కొంగుతో మూతి తుడుచుకుని, నేల మీద ఆరుతున్న తడిని చూసింది.

"ఆ దినం నువ్వు దొప్పెడు సారా మా పెద్దలకే పోసినవ్. వాళ్ళు బాగ తాగిన్రు. నలభై ఏండ్ల సంది నేనే ఎండుకపోయిన."

గ్లాసు నర్సమ్మ ముందుకు జరిపింది.

"ఇంకొకటి పొయ్యి."